దండయాత్రకు ప్రజామోదం: యుద్ధకాల ప్రచారం పనిచేసే తీరు

ఒక దేశం మరో దేశం మీదికి సైన్యాన్ని నడిపించడానికి సొంత ప్రజల్ని ఒప్పించే సంఘటిత ప్రయత్నమే దండయాత్ర ప్రచారం. శత్రు సైనికుల ధైర్యం చెడగొట్టేందుకు విమానాల నుంచి కరపత్రాలు జారవిడవడం, పరాయి ప్రభుత్వాల మద్దతు కూడగట్టడం కూడా యుద్ధ ప్రచారంలో భాగాలే. ఈ వ్యాసం మాత్రం ఇంటి జనాన్ని ఒప్పించే పనికే పరిమితం. పన్ను కట్టేదీ, పిల్లల్ని సైన్యానికి పంపేదీ, ఓటు వేసేదీ ఆ జనమే. అందుకే నియంతలు కూడా ఈ పనిని ఏనాడూ చిన్నచూపు చూడలేదు.

పొరుగు దేశాన్ని ఆక్రమిద్దాం రమ్మంటే సామాన్యులు కదలరు. మన మీద దాడి జరిగిందనో, రేపో మాపో జరగబోతోందనో నమ్మితే కదులుతారు. 1946 ఏప్రిల్‌లో న్యూరెంబర్గ్ జైలు గదిలో నాజీ నాయకుడు హెర్మన్ గోరింగ్ అమెరికన్ మనస్తత్వవేత్త గుస్తావ్ గిల్బర్ట్‌తో చెప్పింది ఇదే. ప్రమాదం ముంచుకొస్తోందని జనానికి చెప్పి, శాంతి కోరేవారిని దేశభక్తి లేనివారని నిందిస్తే చాలునని, ఏ పాలనలోనైనా ఈ పద్ధతి ఒకేలా పనిచేస్తుందని ఆయన అన్నాడు. చరిత్ర చూస్తే మొదటి మాట నిజమే. రెండో మాటకు ఒక సవరణ కావాలి. ప్రజాస్వామ్యంలో పాలకుడి మాటను పరీక్షించడానికి పత్రిక, ప్రతిపక్షం, చట్టసభ ఉంటాయి. అవి ఆ పరీక్ష మానేసి అదే మాటను తిరిగి పలికినప్పుడే అక్కడ దండయాత్రకు ఆమోదం దొరుకుతుంది. 2003లో ఇరాక్ మీద జరిగిన దాడి దీనికి అన్నిటికన్నా వివరంగా నమోదైన ఉదాహరణ. అందుకే ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటు.

సాకు తయారీ

1931 సెప్టెంబరు 18 రాత్రి మంచూరియాలోని ముక్డెన్ (నేటి షెన్యాంగ్) దగ్గర, జపాన్ నడుపుతున్న రైలు మార్గం మీద చిన్న పేలుడు జరిగింది. పట్టాలకు కలిగిన నష్టం ఎంత తక్కువంటే, కాసేపటికే ఒక రైలు వాటి మీదుగా వెళ్లిపోయింది. పేలుడు పదార్థం పెట్టింది జపాన్ క్వాంటుంగ్ సైన్యానికి చెందిన అధికారులే. నింద చైనా సైనికుల మీద వేశారు. తెల్లవారేసరికి ముక్డెన్ జపాన్ సైన్యం చేతికి చిక్కింది. టోక్యోలోని ప్రభుత్వం సైన్యాన్ని ఆపాలా వద్దా అని తడబడుతుండగానే అక్కడి పెద్ద పత్రికలు ప్రత్యేక సంచికలతో, విమానాల్లో తెప్పించిన ఫోటోలతో పోటీపడ్డాయి. అంతకుముందు సైన్యాన్ని విమర్శించిన అసాహి పత్రిక కూడా స్వరం మార్చింది. యుద్ధ వార్తల కోసం ఇళ్లలో రేడియోలు వెలిశాయి. 1932లో రేడియో చందాదారుల సంఖ్య పది లక్షలు దాటింది. నానాజాతి సమితి పంపిన లిట్టన్ సంఘం ఏడాది తరవాత జపాన్ చర్యను ఆత్మరక్షణగా పరిగణించలేమని తేల్చింది. అప్పటికే మంచూకువో అనే కీలుబొమ్మ రాజ్యం ఏర్పడిపోయింది. 1933లో జపాన్ సమితి నుంచే తప్పుకుంది.

జర్మనీ చేసింది ఇంకా క్రూరం. 1939 ఆగస్టు 31 సాయంత్రం ఎస్ఎస్ అధికారి ఆల్ఫ్రెడ్ నౌయోక్స్ బృందం పోలిష్ తిరుగుబాటుదారుల్లా నటిస్తూ సరిహద్దులోని గ్లైవిట్జ్ రేడియో కేంద్రంలో చొరబడి, పోలిష్ భాషలో ఒక చిన్న ప్రకటన చదివింది. ముందురోజు పట్టుకొచ్చిన ఫ్రాన్సిషెక్ హోనియోక్ అనే సైలీసియా వాసి శవాన్ని సాక్ష్యంగా అక్కడ వదిలింది. మర్నాడు తెల్లవారుజామున పోలెండ్ మీద దాడి మొదలైంది. పోలెండ్ సైనికులు మన గడ్డ మీద కాల్పులు జరిపారని, మనం బదులు కాలుస్తున్నామని హిట్లర్ రైఖ్‌స్టాగ్‌లో చెప్పాడు. ఆగస్టు 22నే ఆయన తన సేనానులతో ప్రచారానికి తగిన సాకు తానే చూపిస్తానని, అది నమ్మదగ్గదా కాదా అన్నది ముఖ్యం కాదని, గెలిచినవాణ్ణి ఎవరూ నిలదీయరని అన్నాడు. తరవాత లెక్కలు కూడా సాకుకు తగ్గట్టు మారాయి. పోలెండ్‌లో చనిపోయిన జర్మన్ మైనారిటీల సంఖ్యను అధికారులు సుమారు 5,400గా లెక్కిస్తే, 1940 ఫిబ్రవరిలో దాన్ని 58,000 చేసి ప్రకటించారు.

1939 నవంబరు 26న సోవియట్ సరిహద్దు గ్రామం మైనిలాలో ఫిరంగి గుండ్లు పడ్డాయి. మాస్కో ఫిన్లాండును నిందించి నాలుగు రోజులకే దాడి చేసింది. ఫిన్లాండు కార్మికులు తమను స్వాగతిస్తారనే ఆశతో ఒట్టో కూసినెన్ అనే ఫిన్నిష్ కమ్యూనిస్టు అధిపతిగా ఒక ప్రభుత్వాన్ని కూడా ముందే సిద్ధం చేసుకుంది. ఆ స్వాగతం దొరకలేదు. విమానాలు వేసేది బాంబులు కాదు, ఆకలిగొన్నవారికి ఆహారమని సోవియట్ విదేశాంగ మంత్రి మోలొటోవ్ చెప్పాడు. ఫిన్లాండు సైనికులు ఆ బాంబులకు ‘మోలొటోవ్ రొట్టెల బుట్ట’ అని, తాము ట్యాంకుల మీద విసిరే పెట్రోలు సీసాలకు ‘మోలొటోవ్ కాక్‌టెయిల్’ అని పేర్లు పెట్టారు. పాలకులు తమ ప్రచారాన్ని తామే నమ్మితే ఏమవుతుందో ఆ చలికాలం చూపించింది. సోవియట్ సైన్యం తరఫున లక్షకు పైగా ప్రాణాలు పోయాయి.

బెల్జియం నేర్పిన పాఠం

1914లో జర్మన్ సైన్యం బెల్జియంలోను, ఉత్తర ఫ్రాన్స్‌లోను సుమారు 6,500 మంది పౌరుల్ని చంపింది. ఒక్క దినాన్ పట్టణంలోనే 674 మంది బలయ్యారు. లువెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం బూడిదైంది. ఇవన్నీ జరిగినవే. బ్రిటన్, ఫ్రాన్స్ ప్రచారకులకు ఇవి చాలలేదు. పసిపిల్లల చేతులు నరికారనే కథలు వీటికి తోడయ్యాయి. ఆ కథలకు ఆధారం దొరకలేదు. 1915 మేలో వెలువడిన బ్రైస్ నివేదిక ప్రమాణం చేయించకుండా తీసుకున్న వాంగ్మూలాల మీద ఆధారపడి, నిజమైనవాటినీ అనుమానాస్పదమైనవాటినీ ఒకే పుస్తకంలో పెట్టింది. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక జార్జ్ క్రీల్ నేతృత్వంలోని ప్రజా సమాచార సంఘం సుమారు 75,000 మంది స్వచ్ఛంద వక్తలను కూడగట్టింది. వారు సినిమా హాళ్లలో రీలు మార్చే నాలుగు నిమిషాల వ్యవధిలో యుద్ధం గురించి మాట్లాడేవారు.

యుద్ధం ముగిశాక ఆ కథల అసలు రంగు బయటపడింది. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఆర్థర్ పోన్సన్‌బీ 1928లో యుద్ధకాలపు అబద్ధాల మీద ఒక పుస్తకమే రాశాడు. దానితో పాఠకులు కట్టుకథలతో పాటు దినాన్ శవాలను కూడా కొట్టిపారేశారు. ‘నాన్నా పులి’ కథలో లాగే, 1942లో యూదుల సామూహిక హత్యల వార్తలు లండన్‌కు, వాషింగ్టన్‌కు చేరినప్పుడు చాలామంది అవి కూడా పాత బెల్జియం కథల్లాంటివే అనుకున్నారు. యుద్ధ ప్రచారం చేసే హాని ఆ యుద్ధంతో తీరిపోదని చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ లేదు.

1990లో కువైట్ విషయంలో ఇదే మళ్లీ జరిగింది. సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించడం పచ్చి నిజం. అక్కణ్ణుంచీ, ఇరాక్ నుంచీ భారత్ విమానాల్లో వెనక్కి తెచ్చుకున్న సుమారు 1,70,000 మందిలో కడప, గోదావరి జిల్లాల తెలుగువారు కూడా ఉన్నారు. బతుకుతెరువు వదిలి కట్టుబట్టలతో తిరిగొచ్చినవారికి ఆ ఆక్రమణ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా 1990 అక్టోబరు 10న అమెరికా కాంగ్రెస్ సభ్యుల మానవ హక్కుల బృందం ముందు ‘నయీరా’ అనే 15 ఏళ్ల అమ్మాయి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. ఆస్పత్రిలో ఇరాకీ సైనికులు ఇంక్యుబేటర్ల నుంచి శిశువులను తీసి చల్లటి నేల మీద వదిలి చంపారని ఆమె చెప్పిన మాటలు దేశమంతా టీవీల్లో మోగాయి. అప్పటి అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ ఆ శిశువుల కథను పలుమార్లు ప్రస్తావించాడు. 1991 జనవరి 12న సెనేట్ 52–47 ఓట్లతో యుద్ధానికి అనుమతి ఇచ్చింది. ఆమె అమెరికాలోని కువైట్ రాయబారి కుమార్తె అనీ, ఆ సాక్ష్యం వెనక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రజా సంబంధాల సంస్థ ఉందనీ ఏడాది తరవాత, 1992 జనవరిలో బయటికొచ్చింది. మొదట ఆ ఆరోపణను బలపరిచిన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కూడా ఆధారాలు లేవని వెనక్కి తగ్గింది.

ఇరాక్, 2003

2001 సెప్టెంబరు 11న విమానాలు హైజాక్ చేసిన 19 మందిలో 15 మంది సౌదీ అరేబియా వారు. ఇరాకీ ఒక్కడూ లేడు. 2003 జనవరిలో నైట్ రిడర్ పత్రికా సంస్థ చేయించిన సర్వేలో వారిలో ఇరాకీలు లేరని సరిగ్గా చెప్పినవారు 17 శాతమే. కొందరో, ఎక్కువమందో ఇరాకీలేనన్నవారు 44 శాతం. సద్దాం ఆ దాడులు చేయించాడని అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ ఎన్నడూ నేరుగా అనలేదు. సెప్టెంబరు 11 గురించి ఒక వాక్యం, వెంటనే సద్దాం గురించి మరో వాక్యం, ఆ తరవాత ఉగ్రవాదుల చేతికి అణ్వాయుధం అందితే అన్న భయం. ఉపన్యాసాలు ఇలా సాగాయి. రెండింటినీ ముడిపెట్టే పని వినేవారి మనసే చేసింది. నేరుగా చెప్పిన అబద్ధాన్ని ఖండించవచ్చు. పక్కపక్కన పేర్చిన రెండు వాక్యాలను ఖండించడం చాలా కష్టం, ఎందుకంటే అక్కడ ఖండించడానికి ప్రకటన అంటూ ఏమీ ఉండదు. ఈ ప్రచారంలో అన్నిటికన్నా లోతుగా నాటుకున్న నమ్మకం ఇలా పుట్టింది.

2002 ఆగస్టులో వైట్‌హౌస్‌లో ఇరాక్ బృందం పేరిట ఒక కమిటీ ఏర్పడింది. ప్రచారం సెప్టెంబరు దాకా ఆగడానికి కారణం చెబుతూ, కొత్త సరుకును ఆగస్టులో ఎవరూ మార్కెట్లోకి తీసుకురారని అధ్యక్షుడి సిబ్బంది ప్రధానాధికారి ఆండ్రూ కార్డ్ సెప్టెంబరు మొదటి వారంలో న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పాడు. ఆ మాట అచ్చైన మర్నాడు, సెప్టెంబరు 8న, ఇరాక్ అణ్వాయుధాల తయారీకి పనికొచ్చే అల్యూమినియం గొట్టాలు కొనబోయిందన్న వార్త అదే పత్రిక మొదటి పేజీలో వచ్చింది. ఆ వార్తకు ఆధారం పేరు చెప్పని ప్రభుత్వ అధికారులు. ఆ ఉదయమే ఉపాధ్యక్షుడు డిక్ చేనీ టీవీలో కూర్చుని అదే పత్రికా కథనాన్ని రుజువుగా చూపించాడు. మరో చానెల్లో జాతీయ భద్రతా సలహాదారు కాండొలీజా రైస్ రుజువు కోసం ఎదురుచూస్తే అది పుట్టగొడుగు మేఘంగా వస్తుందని హెచ్చరించింది. ప్రభుత్వం తన మాటను పత్రిక చేత పలికించి, పత్రిక చెప్పిందంటూ తిరిగి ప్రజల ముందు పెట్టింది. ఆ గొట్టాలు మామూలు రాకెట్ల కోసమేనని అమెరికా ఇంధన శాఖ నిపుణులు అప్పటికే చెప్పారు. వారి మాట అంత బిగ్గరగా వినిపించలేదు.

కాంగ్రెస్ ఎన్నికలు నెల రోజుల్లో ఉండగా తీర్మానం పెట్టారు. అక్టోబరు 10న ప్రతినిధుల సభ 296–133తో, మర్నాడు సెనేట్ 77–23తో యుద్ధాధికారం ఇచ్చాయి. 50 మంది డెమొక్రాట్ సెనేటర్లలో 29 మంది అవునన్నారు.

బ్రిటన్‌లో 2002 సెప్టెంబరు 24న టోనీ బ్లెయిర్ ప్రభుత్వం విడుదల చేసిన నివేదిక ఇరాక్ తన ఆయుధాలను 45 నిమిషాల్లో ప్రయోగించగలదని చెప్పింది. నిఘా సమాచారం చెప్పింది యుద్ధభూమిలో వాడే చిన్న ఆయుధాల గురించి. సైప్రస్‌లోని బ్రిటిష్ స్థావరాలకే ముప్పు ఉన్నట్టు పత్రికలు రాశాయి. ప్రభుత్వం ఆ పొరపాటును సరిదిద్దలేదు. 2003 ఫిబ్రవరిలో వచ్చిన రెండో నివేదికలో పెద్ద భాగం ఇబ్రహీం అల్ మరాషీ అనే పరిశోధకుడి వ్యాసం నుంచి చెప్పకుండా ఎత్తి రాసిందని కేంబ్రిడ్జ్ అధ్యాపకుడు గ్లెన్ రంగ్‌వాలా పట్టుకున్నాడు.

ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో గంటకు పైగా మాట్లాడాడు. ఉపగ్రహ చిత్రాలు, టేపులు, చేతిలో చిన్న సీసా. పావెల్‌కు ఆ ప్రభుత్వంలో అందరికన్నా మంచి పేరు ఉండేది, ఆయన్ను పంపడంలోని ఉద్దేశం కూడా అదే. సంచార జీవాయుధ ప్రయోగశాలల గురించి ఆయన చెప్పింది జర్మనీలో ఆశ్రయం పొందిన ‘కర్వ్‌బాల్’ అనే మారుపేరు గల ఒక ఇరాకీ కథ మీద ఆధారపడింది. ఆ మనిషి 2011లో తాను అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. పావెల్ 2005లోనే ఆ ప్రసంగం తన జీవితానికి మచ్చ అన్నాడు. ఇరాక్ నైజర్ నుంచి యురేనియం కొనబోయిందన్న పత్రాలు బూటకమని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి మొహమ్మద్ ఎల్‌బరాదీ 2003 మార్చి 7న, అంటే దాడికి రెండు వారాల ముందే భద్రతా మండలికి చెప్పాడు. ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీల అధిపతి హాన్స్ బ్లిక్స్ బృందం సుమారు 700 తనిఖీలు చేసినా ఆయుధ నిల్వలు దొరకలేదు. నిజం రహస్యంగా లేదు. బహిరంగంగా, అధికారికంగా చెప్పబడింది.

అందుకే ఇరాక్ విషయంలో ప్రధాన ప్రశ్న పత్రికలది. వాషింగ్టన్ పోస్ట్ 2004 ఆగస్టులో తన పాత సంచికలు తానే తిరగేసి చూసుకుంది. దాడికి ముందు నెలల్లో ప్రభుత్వ వాదన చుట్టూ తిరిగే కథనాలు మొదటి పేజీలో 140కి పైగా వచ్చాయి. అనుభవజ్ఞుడైన వాల్టర్ పింకస్ రాసిన సందేహాత్మక కథనాలు లోపలి పేజీలకు పోయాయి. న్యూయార్క్ టైమ్స్ 2004 మే 26న తన తప్పుల మీద సంపాదకుల వివరణ ప్రచురించింది. నైట్ రిడర్ విలేకరులు జొనాథన్ లాండే, వారెన్ స్ట్రోబెల్ పెద్ద అధికారుల విందులకు దూరంగా, కింది స్థాయి నిపుణులను అడిగి తెలుసుకుని మొదటి నుంచీ సరిగా రాశారు. వాషింగ్టన్‌లో ఆ సంస్థకు సొంత పత్రిక లేకపోవడంతో వారి కథనాలు నిర్ణయాలు జరిగే చోట పెద్దగా కనిపించలేదు. ఆ కాలపు పత్రికా రచనలో గౌరవం దక్కాల్సింది వారికే.

2003 మార్చి 20న దాడి మొదలయ్యాక సుమారు 600 మంది విలేకరులు సైనిక దళాలతోనే కలిసి తిన్నారు, కలిసి ప్రయాణించారు, వారి కళ్లతోనే యుద్ధాన్ని చూశారు. మొదటి మూడు వారాల్లో ప్రధాన చానెళ్లలో మాట్లాడిన 1,617 మందిని ఫెయిర్ అనే మీడియా పరిశీలన సంస్థ లెక్కించింది. 64 శాతం యుద్ధాన్ని సమర్థించినవారు, 10 శాతం వ్యతిరేకించినవారు. అమెరికన్లను మాత్రమే తీసుకుంటే వ్యతిరేకులు 3 శాతం. విశ్లేషకులుగా కూర్చున్న మాజీ సైనికాధికారులు చాలామందికి పెంటగాన్ ప్రత్యేకంగా వాదనలు అందించిందని, వారిలో పలువురికి రక్షణ కాంట్రాక్టు కంపెనీలతో సంబంధాలున్నాయని 2008లో విలేకరి డేవిడ్ బార్‌స్టో బయటపెట్టాడు. బందీగా చిక్కిన జెసికా లించ్ అనే యువ సైనికురాలు చివరి తూటా దాకా పోరాడిందన్న కథ దేశాన్ని ఊపేసింది. ఆ వీరగాథ నిజం కాదని ఆమే 2007లో కాంగ్రెస్ ముందు చెప్పింది. తనకు అంటగట్టిన కీర్తిని కాదనడానికి ఆమె చూపిన ధైర్యం యుద్ధభూమిలో చూపించాల్సినదానికన్నా తక్కువేమీ కాదు.

దాడికి ముందు 60 శాతం దరిదాపుల్లో ఉన్న ప్రజామద్దతు గాలప్ లెక్క ప్రకారం మొదటి వారంలోనే 72 శాతానికి చేరింది. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో మూడు అపోహల మీద సర్వే చేశారు: సద్దాంకు అల్‌ఖైదాతో సంబంధం రుజువైందని, మారణాయుధాలు దొరికాయని, ప్రపంచం అమెరికా వైపే ఉందని. ఏ అపోహా లేనివారిలో 23 శాతమే యుద్ధాన్ని సమర్థించారు. ఒకటుంటే 53, రెండుంటే 78, మూడూ ఉంటే 86. ఫాక్స్ చానెల్ చూసేవారిలో 80 శాతానికి ఒక్క అపోహైనా ఉంది. ప్రజా ప్రసార కేంద్రాలను అనుసరించేవారిలో అది 23 శాతం.

జనం ఎందుకు ఒప్పుకుంటారు

జనం తెలివితక్కువవారు కాబట్టి నమ్ముతారన్న మాట పరిశోధనల ముందు నిలవదు. విదేశీ వ్యవహారాలను సొంతంగా తనిఖీ చేసే వీలు ఎవరికీ ఉండదు. ఇతరుల మాట మీద ఆధారపడక తప్పదు. సంక్షోభం రాగానే జనం దేశాధ్యక్షుడి చుట్టూ చేరతారని జాన్ మ్యూలర్ 1970లో చూపించాడు. నాయకులంతా ఒకే మాట మీద ఉంటే వార్తలు శ్రద్ధగా అనుసరించేవారే ముందుగా ఆ మాట నమ్ముతారని, నాయకులు చీలితే జనం కూడా చీలుతారని జాన్ జాలర్ 1992లో వివరించాడు. పత్రికలు అధికార వర్గాల మధ్య ఉన్న చర్చ పరిధికి మించి సాధారణంగా పోవని లాన్స్ బెనెట్ 1990లో రాశాడు. ఈ మూడింటినీ కలిపి చదివితే 2002 అక్టోబరు నాటి 29 ఓట్ల బరువు అర్థమవుతుంది. ప్రతిపక్షం లొంగగానే పత్రికలకు ఉటంకించడానికి మరో పక్షం లేకుండా పోయింది, పాఠకుడికి అనుమానించడానికి కారణం లేకుండా పోయింది. ఒకే మాట పదేపదే వింటే అది నిజమనిపిస్తుందన్నది 1977 నుంచీ ప్రయోగాలు చూపిస్తున్న సంగతి. నిప్పు లేనిదే పొగ రాదనుకునే మనిషి స్వభావం మిగతా పని పూర్తి చేస్తుంది.

అయినా ప్రచారం సర్వశక్తిమంతం కాదు. స్పెయిన్‌లో 90 శాతానికి పైగా ప్రజలు ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించారు. ప్రధాని అజ్‌నార్ వారిని ఒప్పించలేకపోయాడు, అయినా బుష్ పక్కన నిలబడ్డాడు. టర్కీ పార్లమెంటులో 2003 మార్చి 1న అమెరికా సైన్యానికి దారి ఇవ్వాలని 264 మంది, వద్దని 250 మంది ఓటేసినా, హాజరైనవారిలో సగానికి మించి మద్దతు రాక తీర్మానం వీగిపోయింది. భారత లోక్‌సభ ఏప్రిల్‌లో దాడిని నిందిస్తూ తీర్మానం చేసింది. సైన్యాన్ని పంపమని అమెరికా అడిగితే జులైలో వాజ్‌పేయి ప్రభుత్వం కాదంది. బాంబు తమ మీద పడుతుందన్న భయాన్ని ఈ దేశాల్లో ఎవరూ నాటలేకపోయారు.

రష్యా, 2022

ఉక్రెయిన్ మీద దాడిలో ఒప్పించడం, నోరు నొక్కడం రెండూ కలిసి నడిచాయి. ఉక్రెయిన్ ప్రత్యేక జాతి కాదన్న వాదనను పుతిన్ 2021 జులైలోనే సుదీర్ఘ వ్యాసంగా రాశాడు. దాన్‌బాస్‌లో ఎనిమిదేళ్లుగా సొంతవారు చస్తున్నారని, కీవ్‌లో నాజీలున్నారని ప్రభుత్వ టీవీ రోజూ చెప్పింది. 2014లోనే స్లోవ్యాన్‌స్క్‌లో ఒక పసివాణ్ణి శిలువ వేశారన్న ఆధారం లేని కథను ఆ దేశపు మొదటి చానెల్ ప్రసారం చేసింది. బెల్జియం కథలకు అది అచ్చమైన వారసురాలు. 2022 ఫిబ్రవరి 24న దాడి మొదలయ్యాక దాన్ని యుద్ధం అనకూడదని, ప్రత్యేక సైనిక చర్య అనాలని ఆదేశించారు. సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ చెబితే 15 ఏళ్ల వరకు జైలు విధించే చట్టం మార్చి 4న వచ్చింది. ఎఖో మాస్క్వీ రేడియో మూతపడింది, దోఝ్ద్ టీవీ ప్రసారాలు ఆగిపోయాయి.

లెవాదా సంస్థ మార్చి సర్వేలో సైన్యం చర్యలకు 81 శాతం మద్దతు కనిపించింది. అయితే జైలు భయం ఉన్నచోట సర్వే అంకెను జాగ్రత్తగా చదవాలి. పరిశోధకులు ఫిలిప్ చాప్కోవ్‌స్కీ, మాక్స్ షాబ్ 2022 ఏప్రిల్‌లో నేరుగా అడిగితే 68 శాతం మంది యుద్ధాన్ని సమర్థించారు. ఎవరి జవాబో తెలియని పద్ధతిలో అడిగితే 53 శాతమే. ఆ 15 శాతం తేడా భయపు కొలత. మిగిలిన సగం నిజంగానే నమ్మింది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

చట్టం, బాధ్యత

1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 20వ అధికరణం యుద్ధ ప్రచారాన్ని ప్రతి దేశమూ చట్టం ద్వారా నిషేధించాలని చెబుతోంది. భారత్ 1979లో ఆ ఒడంబడికలో చేరింది. అమెరికా 1992లో చేరుతూ భావప్రకటన స్వేచ్ఛ పేరిట ఈ అధికరణాన్ని మినహాయించుకుంది. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం: ప్రచారాన్ని నిషేధించే అధికారం ప్రభుత్వం చేతిలో పెడితే, అది మొదట శాంతి కోరేవారి మీదే ప్రయోగిస్తుందని మాస్కో చేసి చూపించింది. జరిగిపోయిన యుద్ధానికి ప్రచారకుణ్ణి శిక్షించడమూ తేలిక కాదు: న్యూరెంబర్గ్‌లో నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ శాఖ రేడియో అధికారి హాన్స్ ఫ్రిట్‌షె నిర్దోషిగా బయటపడ్డాడు.

ఇరాక్‌లో ఆయుధ నిల్వలు లేవని అమెరికా నియమించిన డ్యూల్ఫర్ బృందం 2004లో తేల్చింది. నిఘా అంచనాలను లేని నిశ్చయంతో ప్రజల ముందు పెట్టారని, శాంతి మార్గాలు అయిపోకముందే దాడికి దిగారని బ్రిటన్‌లోని చిల్కాట్ విచారణ 2016 జులై 6న, అంటే దాడి జరిగిన 13 ఏళ్లకు ప్రకటించింది. ఈలోగా లక్షకు పైగా ఇరాకీ పౌరులు, సుమారు 4,500 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ప్రజల్ని ఆ యుద్ధానికి ఒప్పించిన నాయకుల్లో ఏ ఒక్కరికీ ఆ పనికి శిక్ష పడలేదు.